ఎల్‌ఎల్‌-37 పనిచేయట్లేదా? ముందు ప్లేట్ చూడండి

ఎల్‌ఎల్‌-37 అంటే మన ఒంట్లోనే తయారయ్యే, బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క). గుంటూరు ల్యాబ్‌లో మూడుసార్లు ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు చూసే పరీక్ష) పెట్టినా ఈ.కోలై బ్యాక్టీరియా పెరుగుదల ఆగట్లేదన్నారు. తప్పు పెప్టైడ్‌ది కాకపోవచ్చు, ప్లేటుది. ఎల్‌ఎల్‌-37 ఛార్జ్ +6. అందుకే బ్యాక్టీరియా పొరకు అతుక్కున్నట్టే మామూలు ప్లేట్ల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌కీ అతుక్కుంటుంది. మీరు పోసిన దాంట్లో కొంత గోడలకే పోతోంది.

1. పెప్టైడ్ తక్కువగా అతుక్కునే ప్లాస్టిక్, అంటే పాలీప్రొపిలీన్‌తో చేసిన 96 గుంటల ప్లేట్ వాడండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: స్టాక్, డైల్యూషన్ ట్యూబులూ పాలీప్రొపిలీన్‌వే కావాలి. ప్లేట్ మార్చి, గాజు ట్యూబులో డైల్యూట్ చేస్తే మళ్లీ అదే కథ. నాకలాగే వారం పోయింది.

3. డైల్యూషన్ 0.01% ఎసిటిక్ యాసిడ్, 0.2% బీఎస్‌ఏ (ఆవు సీరం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రొటీన్) ఉన్న నీళ్లలో.

4. మీడియాలో అదనంగా ఉప్పు వేయొద్దు, బ్యాక్టీరియాపై పెప్టైడ్ పట్టు సడలుతుంది.

బెజవాడ షాపులో అద్దంలా మెరిసే ప్లేట్ ఇస్తే తీసుకోకండి, అది పాలిస్టైరీనే. మనకు కావాల్సింది కాస్త మసకగా ఉంటుంది.