ఎవరి నోట ఆ మాట

అమ్మాయ్,

నీ కవితలు నలభై రెండూ చదివాను. ముప్ఫై పైచిలుకు "నేను"తోనే మొదలయ్యాయి. మీ అన్నయ్య జబ్బు మీద రాసినవి ఆరు. అవి చదువుతుంటే షార్లెట్ మ్యూ అనే ఇంగ్లిష్ కవయిత్రి గుర్తొచ్చింది. నువ్వు పేరు విని ఉండవు. నేనూ యాభై దాటాకే చదివాను.

1869లో లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో పుట్టింది. తండ్రి ఆర్కిటెక్టు, 1898లో పోయేనాటికి మిగిల్చింది తక్కువే. అన్న ఒకడు, చెల్లెలు ఒకతె మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ జబ్బు పిల్లలకు వస్తుందేమోనన్న భయంతో షార్లెట్, ఇంకో చెల్లెలు ఆన్ పెళ్లే వద్దనుకున్నారు. ఇంత బాధ ఉన్న మనిషి ఏం రాయాలి? నువ్వూ నేనూ అయితే "నా అన్న, నా చెల్లి" అని మొదలుపెడతాం.

ఆమె అలా చేయలేదు. పిచ్చాసుపత్రి దారి గురించి ఒక కవిత రాసింది. అందులో మాట్లాడేది రోగి ఇంటివాళ్లు కాదు, ఆ దారిన ఎదురుపడే ఊరివాళ్లు. మసకబారిన అద్దాల కిటికీలున్న ఆ ఇంటిని బయటి నుంచి చూసే "మనం". చదువుతుంటే మనమూ వాళ్లలో ఒకళ్లమై తల దించుకుంటాం.

'ది ఫార్మర్స్ బ్రైడ్' (రైతు పెళ్లికూతురు) అనే కవిత ఇంకా గట్టిది. 1912లో 'ది నేషన్' పత్రికలో వచ్చింది. చిన్న వయసు పిల్లని ఒక రైతు పెళ్లాడతాడు. మగవాళ్లంటే బెదిరి ఆమె ఒక రాత్రి ఇల్లు విడిచి పారిపోతుంది. ఊరంతా కుందేలును తరిమినట్టు తరిమి, పట్టుకొచ్చి తాళం వేస్తారు. ఈ కథ పెళ్లికూతురు చెప్పదు, రైతే చెబుతాడు. ఆమె పైన అటక గదిలో ఒంటరిగా పడుకుంటుంది, మధ్యలో ఉన్నది ఒక మెట్ల వరసే అంటాడు. అతని కోరిక చూస్తే మనకు భయమేస్తుంది, అతని మీద జాలీ వేస్తుంది. ఆ పిల్ల నోటితో రాసి ఉంటే జాలి ఒక్కటే మిగిలేది. నా లెక్కలో షార్లెట్ పనితనమంతా ఇక్కడే ఉంది.

ఇరవై నాలుగేళ్లకే ఆలస్యమైపోయిందని టెన్షన్ పడుతున్నావు. ఆమె మొదటి కవితల పుస్తకం వచ్చింది 1916లో, నలభై ఆరేళ్లకి. హెరాల్డ్ మన్రో అనే ఆయన నడిపిన పొయెట్రీ బుక్‌షాప్ వేసింది. అంతకు ముందు ఏడాది ఒక సాయంత్రం ఆమె ఆ షాపులో అడుగుపెడితే, "షార్లెట్ మ్యూ మీరేనా?" అని అడిగారట. "విచారకరమే గానీ, నేనే" అందట!

ఇక కవితలో పాదాల సంగతి. నువ్వు లైనుకు ఒక్కో మాట పెట్టి విరగ్గొడుతున్నావు. ఫోన్ తెరకి అందంగా ఉంటుందేమో గానీ చదివితే ఎక్కిళ్లలా ఉంది. ఆమె కవితల్లో పాదాలు ఎంత పొడుగంటే, వాటికోసం పుస్తకాన్నే మామూలు కంటే వెడల్పుగా వేయాల్సి వచ్చింది. 'ది ట్రీస్ ఆర్ డౌన్' అనే ఆమె కవిత సంపాదించి పైకి చదువు. ప్లేన్ అనే జాతి పెద్ద చెట్లని కొట్టేస్తుంటారు, రంపం చప్పుడు, కొమ్మలు కూలే చప్పుడు, కూలీల నవ్వులు ఆ పొడుగు పాదాల్లో వినిపిస్తాయి. మధ్యలో ఎప్పుడో బురదలో చూసిన చచ్చిన ఎలుక గుర్తొస్తుంది ఆమెకి. అక్కడ "నేను" ఉంది. ఉండాల్సిన చోట ఉంది.

పేరున్న ఇంగ్లిష్ నవలాకారుడు, కవి థామస్ హార్డీ అంతటివాడు ఆమెని మెచ్చుకున్నాడు. ఆయనా మరికొందరూ చెప్పగా 1923లో ఏడాదికి 75 పౌండ్ల ప్రభుత్వ పెన్షన్ వచ్చింది. 1927లో ఆన్ క్యాన్సర్‌తో పోయింది. మరుసటి ఏడు మార్చిలో షార్లెట్ తన ప్రాణం తనే తీసుకుంది. ఆ చావు వల్లే గొప్ప కవి అయిందని రాసేవాళ్లున్నారు, నమ్మకు. ఆమె కవిత్వం అప్పటికే అయిపోయిన పని. నీకు మనసు బాగోలేని రోజున కవిత పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి.

ఆ ఆరింటిలో ఆసుపత్రి వరండా కవిత ఉంది చూడు, దాన్ని మీ వదిన నోట మళ్లీ రాయి. లేదా టోకెన్లు ఇచ్చే కుర్రాడి నోట. పుస్తకం ప్రెస్సుకి ఇచ్చేశానన్నావు, ఇంకా కంపోజింగ్ మొదలవకపోతే ఆపించు. ఈసారి కవరు మీద పిన్‌కోడ్ సరిగ్గా రాయి, పోయినసారిది ఊళ్లు తిరిగి వచ్చింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు