ఒక పాలపన్ను, మూడు సలహాలు

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. కింది దవడలో చివరి పాలపన్ను లోతుగా పుచ్చింది. తీపి తింటే జివ్వుమంటుందని ఏడుస్తాడు, నోరు పుక్కిలిస్తే తగ్గిపోతుంది. వాపు లేదు. ఒక డాక్టర్ నరం పైభాగం తీస్తే చాలన్నారు. ఇంకొకరు పూర్తి రూట్ కెనాల్ అన్నారు. మూడో ఆయన నరం జోలికే వెళ్లొద్దన్నారు. ఎలాగూ ఊడిపోయే పంటికి ఇదంతా అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. ఆ పన్ను ఊడేది పదికీ పన్నెండేళ్లకీ మధ్య. ఇప్పుడు పీకేస్తే, ఆరేళ్లప్పుడు దాని వెనక వచ్చే శాశ్వత దవడ పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది.

ముగ్గురూ చెప్పినవి సరైన వైద్యాలే. లోపల నరం ఎంత బాగుందన్న అంచనాలోనే తేడా. పుక్కిలిస్తే తగ్గుతుందని మీరు రాసిన ముక్క ఉంది చూశారూ, నరం ఇంకా బాగుందనడానికి నాకు అది ఎక్స్‌రే అంత విలువైనది. నొప్పితో రాత్రి నిద్రలోంచి లేస్తున్నా, చిగురు మీద చీము పొక్కు ఉన్నా, ఎక్స్‌రేలో వేర్ల మధ్య ఎముక కరిగినట్టు కనిపించినా పల్పెక్టమీ, అంటే ఆ పూర్తి రూట్ కెనాల్, గురించి ఆలోచిస్తాను. అవేవీ లేకుండా మొదటే దానికి దిగడం నాకు నచ్చదు. పాలపళ్ల వేర్లు సన్నగా, వంకరగా ఉంటాయి. పైగా పాలపన్ను ఊడే ముందు దాని వేరు కరుగుతుంది, లోపల నింపే పేస్టు కూడా ఆ వేరుతోపాటే కరగాలి. జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు నిదానంగా కరిగి ఒక్కోసారి ముక్కలు మిగులుతుంది. అయోడోఫార్మ్ పేస్టేమో వేరుకన్నా ముందే మాయమవుతుంది.

మీ బాబు విషయంలో నా మొగ్గు మూడో ఆయన వైపే. నరానికి ఆనుకున్న పలుచటి పుచ్చు పొరను వదిలేసి పైన గట్టిగా మూసేస్తారు. కొత్తలో నేనూ 'పుచ్చుని లోపలే వదిలేస్తారా!' అని ముఖం చిట్లించినదాన్నే. మూత బిగువుగా పడితే సూక్ష్మజీవులకు తిండి అందదు, పుచ్చు అక్కడితో ఆగిపోతుంది.

శుభ్రం చేస్తుండగా నరం బయటపడితే మాత్రం మొదటి డాక్టర్ చెప్పిన పల్పాటమీయే. నరం పైభాగం తీసి తడి దూది ఉండతో నొక్కిపెడతాం. ఐదు నిమిషాల్లో రక్తం ఆగితే వేర్లలో నరం బాగున్నట్టు లెక్క. ఆగకపోతే పల్పెక్టమీ తప్పదు. అందుకే కుర్చీలో కూర్చున్నాక ప్లాన్ మారిందంటే డాక్టర్ని అనుమానించకండి.

పల్పాటమీలో మిగిలిన నరం మీద ఏ మందు పెడతారో అడగండి. మా చదువు రోజుల్లో అంతా ఫార్మోక్రెసాలే, ఆ ఘాటు ఆప్రాన్‌ని వదిలేది కాదు. దానిలోని ఫార్మాల్డిహైడ్‌ని 2004లో క్యాన్సర్ కారకంగా తేల్చారు. పంటికి వాడేది చుక్కే అయినా నేను ఎంటీఏ అనే సిమెంటు లాంటి మందుకి మారిపోయాను. ఖరీదెక్కువ, పన్ను నల్లబడుతుంది కూడా. స్టీల్ క్యాప్ కింద ఆ నలుపు ఎవరికి కనిపిస్తుంది? పల్పాటమీ అయినా, పల్పెక్టమీ అయినా ఆ క్యాప్ మాత్రం వేయించండి.

ఈలోగా రాత్రి నొప్పి మొదలైతే నా జవాబు పక్కన పెట్టి వెంటనే చూపించండి.