పాత .32 పిస్టల్‌లో తూటా ఇరుక్కుంటుంటే ముందు మ్యాగజైన్‌ను చూడండి

అన్నగారూ, పర్లాకిమిడిలో లైసెన్సు మీద కొన్న పాత .32 పిస్టల్‌లో రెండో తూటానో మూడో తూటానో ఛాంబర్‌లోకి, అంటే బారెల్ వెనక తూటా పేలే అరలోకి, ఎక్కక ఆగిపోతోందని, బారెల్ మార్పించాలా అని అడిగారు. తొందరపడి బారెల్‌కు ఖర్చు పెట్టకండి. చేతులు మారిన పిస్టల్‌లో నా అనుమానం ఎప్పుడూ ముందు మ్యాగజైన్ మీదే, అంటే తూటాలు నింపే పెట్టె మీదే.

పిస్టల్‌ను ఖాళీ చేసి, ఛాంబర్‌ను కళ్లారా చూసి, తూటాలను వేరే గదిలో పెట్టాకే విప్పండి. మ్యాగజైన్ స్ప్రింగు సడలిందా, పై అంచులు వంగాయా చూడండి. వంగితే పటకారుతో సరిచేయవద్దు, కొత్తది తీసుకోండి. కాల్పుల సాధన రేంజిలో మరో మ్యాగజైన్‌తో ఇబ్బంది పోతే దోషం తేలినట్టే.

ఇలాంటి పిస్టళ్లలో వాడే .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) రకం తూటాకు ఒక గుణం ఉంది. దాని అడుగు అంచు ఒంటికన్నా కాస్త వెడల్పు. పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ ముడిపడిపోతాయి, స్లైడు, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం, ఎంత తోసినా పై తూటా ముందుకు కదలదు. నింపేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకు ముందే ఉండాలి. పొడవు తక్కువ తూటాలతో ఈ చిక్కు ఎక్కువ, కాబట్టి గుండ్రని ముక్కువే వాడండి.

మీ వైపు వానాకాలపు తేమకు భయపడి చాలామంది మ్యాగజైన్ లోపల నూనె పోస్తారు. అది దుమ్ముతో కలిసి జిగురవుతుంది. తుడిచి పొడిగా ఉంచండి. తూటా ఎక్కే వాలును గుడ్డతో శుభ్రం చేయండి, ఆకురాయి మాత్రం వద్దు. ఇంతచేసినా ఇబ్బంది పోకపోతే లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారుకే చూపించండి.