కోచింగ్ ఫీజు కన్నా ముందు కంటి పరీక్ష

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి రాశారు:

"సార్, నేను రైస్ మిల్లులో హమాలీని. బియ్యం బస్తాలు వ్యాగన్లకు ఎక్కించే రోజుల్లో మా వాడు నా వెంట వచ్చి గూడ్స్ ఇంజిన్ దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు 20 ఏళ్లు, ఐటీఐ ఫిట్టర్ పాసయిండు. అసిస్టెంట్ లోకో పైలట్ అయితనంటున్నడు. హైదరాబాద్‌లో కోచింగ్‌కు 45 వేలు అడిగిన్రు, 5 వేలు అడ్వాన్స్ కట్టినం. మొన్న అద్దాల షాపులో చూపిస్తే కుడి కంటికి కొంచెం పవర్ ఉందన్నరు. లేజర్ ఆపరేషన్ చేయిస్తే పోతది, ఫికర్ లేదని కోచింగ్ వాళ్లు చెప్తున్నరు. ఆరు లక్షలిస్తే ఉద్యోగం పక్కా అని ఇంకొకాయన తిరుగుతున్నడు. వాళ్లమ్మేమో గూడ్స్ డ్రైవర్ అంటే తిండీ నిద్రా ఉండవు, వద్దంటది. ఏం చెయ్యాలె?"

అన్నా, నమస్తే. ముందు లేజర్ సంగతి, ఎందుకంటే ఒకసారి చేయిస్తే అది వెనక్కి రాదు.

చేయించకండి. లోకో పైలట్, అంటే రైలింజిన్ నడిపే డ్రైవర్, ఉద్యోగానికి రైల్వేలో ఎ-1 అనే వైద్య ప్రమాణం ఉంది. అన్నిట్లోకీ కఠినమైనది అదే. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ దూరపు చూపు 6/6, అంటే ఏ లోపం లేని చూపు, ఉండాలి. దగ్గరి చూపు కూడా అద్దాలు లేకుండానే సరిగ్గా ఉండాలి. రంగులు గుర్తుపట్టడం, రెండు కళ్లూ కలిసి పనిచేయడం, పక్కల చూపు, రాత్రి చూపు, మసక వెలుతురులో చూపు అన్నీ విడివిడిగా చూస్తారు. లేజర్‌తో గానీ మరో ఆపరేషన్‌తో గానీ పవర్ తీయించుకున్నవాళ్లు ఈ పోస్టుకు అర్హులే కారని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అంటే పవర్ ఉన్న కంటితో వెళ్లినా ఇబ్బందే, ఆపరేషన్ అయిన కంటితో వెళ్లినా ఇబ్బందే. ఫీజు తీసుకునేవాళ్లు ఆ పేజీ చదవలేదా, చదివీ చెప్పలేదా, నాకు తెలియదు.

అలాగని ఇప్పుడే గుండె జారనివ్వకండి. అద్దాల షాపులో మిషన్ చూపించిన లెక్క ఆఖరి మాట కాదు. ఆ వయసు పిల్లల కళ్లు మిషన్ ముందు బిగుసుకుపోయి, లేని పవర్ చూపించడం మామూలే. కంట్లో చుక్కలు వేసి డాక్టర్ చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రి కంటి ఓపీకి బాబును తీసుకెళ్లండి. "చూపు బాగుందా" అని అడిగి వచ్చేయొద్దు. రైల్వే ఎ-1 కోసమని చెప్పి, అద్దాలు లేకుండా ఒక్కో కంటికి ఎంత చూపు ఉందో, రంగుల పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద రాయించుకోండి. ఒక కంటికి 6/9 అని వస్తే ఈ దారి మూసుకున్నట్టే. కంటి వ్యాయామాలతో పవర్ పోగొడతామనే వీడియోలు ఫోన్‌లో బోలెడు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు.

రంగుల పరీక్ష అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఐటీఐలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక వైర్‌మన్ కుర్రాడుండేవాడు, చురుకైనవాడు. ఎర్ర వైరు, ఆకుపచ్చ వైరు అప్పుడప్పుడూ తారుమారు చేసేవాడు. ధ్యాస లేదని నేను తిట్టేవాణ్ని. వాడు రైల్వే రాత పరీక్షలన్నీ గెలిచాడు. చివరి మెడికల్‌లో చుక్కల పుస్తకం ముందు పెట్టి ఇదేం అంకె అని అడిగితే 21 అన్నాడట. మామూలు చూపు ఉన్నవాళ్లకు అక్కడ 74 కనిపిస్తుంది. 22 ఏళ్లు వచ్చేదాకా తనకు రంగులు కలిసిపోతున్నాయని వాడికే తెలియదు. రెండేళ్లు వాణ్ని ఎదురుగా పెట్టుకుని నేనూ గమనించలేదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలను నమ్ముకుని బండి నడిపేవాడికి అది లేకపోతే ఎంత తెలివి ఉన్నా ఏం లాభం?

బాబు కళ్లు నెగ్గాయనుకుందాం. చదువు సరిపోతుందా అంటే నిక్షేపంగా సరిపోతుంది. పదో తరగతితో పాటు గుర్తింపు ఉన్న ఐటీఐ కావాలి, ఫిట్టర్ ట్రేడ్ జాబితాలో ఉంది. ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్, టర్నర్, మెషినిస్ట్, వైర్‌మన్ వంటివీ ఉన్నాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమా చేసినవాళ్లూ రాయవచ్చు. 2025 నోటిఫికేషన్‌లో వయసు 18 నుంచి 30 ఏళ్లు, వెనుకబడిన తరగతులకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మీ వాడికి చేతిలో చాలా ఏళ్లున్నాయి. 2018 నోటిఫికేషన్ తరువాతిది 2024లో గానీ రాలేదు, ఆ మధ్యలో వయసు దాటిపోయిన పిల్లల్ని చూసి నేనే బాధపడ్డాను. 2024లో ముందు 5,696 పోస్టులని చెప్పి తరువాత 18,799కి పెంచారు. 2025లో 9,970 ఇచ్చారు. ఏడాది మొదటి నెలల్లోనే ఈ నోటిఫికేషన్ ఇవ్వాలని రైల్వే క్యాలెండర్ పెట్టుకుంది కాబట్టి కాగితాలు ఇప్పటి నుంచే సర్దిపెట్టుకోండి.

కాగితాలంటే ముఖ్యంగా రెండు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో అచ్చం అలాగే ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే ఆధార్ దిద్దించండి. రెండోది, మీరు బీసీ అయితే రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువపత్రం రైల్వేకు పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి. మీ సేవలో అడిగేటప్పుడు "సెంట్రల్ ఓబీసీ" అనే మాట మరిచిపోవద్దు.

దరఖాస్తు ఒక్క రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుకే పెట్టాలి. రెండింటికి పెడితే రెండూ పోతాయి. మనవాళ్లు ఎక్కువగా సికింద్రాబాద్ బోర్డే ఎంచుకుంటారు. జనరల్ అభ్యర్థులకూ ఓబీసీలకూ ఫీజు 500, మొదటి పరీక్ష రాస్తే 400 వెనక్కి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ, ఆడపిల్లలు, మైనారిటీలు, ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు 250, రాస్తే మొత్తం తిరిగి వస్తుంది. బ్యాంకు ఖాతా నంబర్ తప్పు కొట్టి ఆ డబ్బు పోగొట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

పరీక్షలు మూడు మెట్లు. మొదటిది 60 నిమిషాల్లో 75 ప్రశ్నలు: లెక్కలు, రీజనింగ్, సైన్స్, జీకే. ఇది జల్లెడ మాత్రమే, దీని మార్కులు ఆఖరి లెక్కలోకి రావు. రెండోదానిలో ఎ భాగం 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. బి భాగం 60 నిమిషాలు, 75 ప్రశ్నలు, ఇది బాబు ట్రేడ్ మీదే. బి భాగంలో కులం ఏదైనా 35 శాతం వస్తే చాలు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంటుంది కాబట్టి గుడ్డిగా టిక్కు పెట్టొద్దని చెప్పండి. ఈ రెండూ తెలుగులో రాయొచ్చు.

మూడో మెట్టు దగ్గరే మన పల్లె పిల్లలు ఎక్కువగా జారతారు. కంప్యూటర్ ఆప్టిట్యూడ్ పరీక్ష, పిల్లలు సీబ్యాట్ అంటారు. పుస్తకంలో చదివి రాసేది కాదిది. కాసేపు చూపించిన భవనాల పటాన్ని గుర్తుపెట్టుకోవాలి, చెప్పిన దిక్కున వెళ్లాలి, ఇటుకల గుట్టలో ఒకదానికి ఎన్ని తగులుతున్నాయో లెక్కపెట్టాలి, టకటకా అంకెలు పోల్చాలి. ఇందులో ఉన్న ప్రతి పరీక్షలోనూ కనీసం 42 టీ-స్కోర్ (రాసినవాళ్లందరితో పోల్చి లెక్కగట్టే మార్కు) రావాలి. నాలుగింట్లో అదరగొట్టి ఐదోదాంట్లో 41 తెచ్చుకున్నా ఇంటికే, ఏ కులానికీ సడలింపు లేదు. పైగా ఇది ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. సూచన చదివి అర్థం చేసుకునేలోపే టైమ్ అయిపోతుంది. నెగిటివ్ మార్కులు లేకపోవడం ఒక్కటే ఊరట. ఆఖరి మెరిట్‌లో రెండో పరీక్ష ఎ భాగానికి 70 శాతం, దీనికి 30 శాతం. లక్నోలో ఉన్న రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ వెబ్‌సైట్‌లో వీటి నమూనాలు ఉచితంగా ఉన్నాయి. రెండో పరీక్ష ఫలితం వచ్చాక మొదలుపెడదాంలే అనుకోకుండా రోజూ పావుగంట ఇప్పటి నుంచే చేయనివ్వండి, అదీ ఫోన్‌లో కాదు, కంప్యూటర్ మీద. ఈ పరీక్షకు వెళ్లేటప్పుడు కంటి డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లాలి. చూశారా, కళ్ల సంగతి మళ్లీ ఇక్కడికే వచ్చింది.

ఆ ఆరు లక్షలాయన గురించి ఎక్కువ రాయను. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ లేదు. రెండు పరీక్షల మార్కులు కంప్యూటర్ కలుపుతుంది. నడుమ మనిషి చెయ్యి పెట్టడానికి చోటెక్కడుంది? ఇంట్లోకి రానివ్వకండి.

ఇక వదినమ్మ భయం. దాన్ని కొట్టిపారేయను, ఆమె చెప్పింది చాలావరకు నిజమే. ప్యాసింజర్ బండికి టైమ్ టేబుల్ ఉంటుంది, గూడ్స్‌కు ఉండదు. కాల్ ఎప్పుడొస్తే అప్పుడు లాబీకి, అంటే డ్రైవర్ల డ్యూటీ ఆఫీసుకు, వెళ్లి, ఊదుడు మిషన్‌లో ఊది మద్యం తాగలేదని చూపించి, డ్యూటీ ఎక్కినట్టు సైన్ ఆన్ చేయాలి. రాత్రి ఒంటి గంట కావచ్చు, పండగ పొద్దు కావచ్చు. మామూలుగా 9 గంటల్లో దిగిపోవాలని లెక్క ఉన్నా, స్టేషన్ దగ్గర పక్క పట్టా మీద, అంటే లూప్ లైన్లో, నిలబెట్టారంటే ఆ లెక్క తప్పుతుంది. మీ ఊరి మీదుగా పోయే బీబీనగర్-గుంటూరు లైన్ మీకు తెలిసిందే కదా, ఒంటి పట్టా. ఎక్స్‌ప్రెస్ దాటేదాకా గూడ్స్ పక్కన పడిగాపులు పడుతుంది. ఇప్పుడు ఆ లైన్‌కు రెండో పట్టా మంజూరైంది, బాబు ఉద్యోగంలో చేరేనాటికి కొంత సులువు కావచ్చు. డ్యూటీ దిగినచోట రన్నింగ్ రూమ్ ఉంటుంది, అక్కడే వంట, నిద్ర. మళ్లీ కాల్ వచ్చాక తిరుగు ప్రయాణం. ఇంజిన్‌లో మరుగుదొడ్డి లేక పడే తిప్పలూ ఉన్నాయి, చాలా ఇంజిన్లలో ఇంకా లేదు.

మరి అసిస్టెంట్ చేసే పని? స్టార్ట్ చేయడానికి ముందు ఇంజిన్ చుట్టూ తిరిగి చూడటం, బ్రేకు పరీక్షలో సాయం, దారిలో సిగ్నల్ రంగును లోకో పైలట్, తనూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవడం, మలుపుల్లో వెనక్కి చూసి వ్యాగన్లలో పొగ, నిప్పురవ్వలు ఉన్నాయేమో గమనించడం. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంట్‌కు వచ్చే బొగ్గు బండి లాంటిది నాలుగు వేల టన్నులకు పైనే బరువుంటుంది. బ్రేకు వేసినచోట ఆగదు, చాలా దూరం ఈడ్చుకుపోతుంది. అందుకే రెండు జతల కళ్లు. నిద్ర లేకుండా ఈ పని కుదరదు కాబట్టి, రెస్ట్ దొరికిన పూట పెళ్లిళ్లకూ దావతులకూ పిలవకుండా పడుకోనిచ్చే ఇల్లు కావాలి వాడికి. వదినమ్మతో ఈ మాటే మాట్లాడండి. వాడు ఒప్పుకుంటే సరిపోదు, ఇల్లు కూడా ఒప్పుకోవాలి.

జీతం మొదటి మూలవేతనం 19,900. దాని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం, నడిచిన కిలోమీటర్ల లెక్కన రన్నింగ్ అలవెన్స్. ముందు శిక్షణ, తరువాత అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్, ఆ పైన గూడ్స్ లోకో పైలట్. ఆ హోదాకు చేరితే మూలవేతనం 35,400 నుంచి మొదలవుతుంది. తరువాత ప్యాసింజర్, ఆఖరున మెయిల్, ఎక్స్‌ప్రెస్. పోస్టింగ్ మాత్రం మిర్యాలగూడ పక్కనే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కళ్లు, ఒళ్లు మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు, 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, ఆ తరువాత ఇంకా తొందరగా.

ఇక కోచింగ్ మీద నా అభిప్రాయం. ఫిట్టర్ పాసైన పిల్లవాడికి ట్రేడ్ భాగం కొత్తగా నేర్పాల్సిన పని లేదు, ఐటీఐ నోట్సు దుమ్ము దులిపితే చాలు. లెక్కలకు ఎనిమిది నుంచి పది దాకా పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లు ఉచిత శిక్షణ ప్రకటనలు ఇస్తుంటాయి, కనుక్కోండి. ఇంట్లో కూర్చుంటే చదవడు అనుకుంటే అప్పుడు కోచింగ్ ఆలోచించవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు.

కంటి రిపోర్టు అనుకున్నట్టు రాకపోతే రైల్వే అంతా మూసుకుపోదు. టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులకు ఇదే ఐటీఐ సరిపోతుంది. వాటిలో చాలావాటికి చూపు నిబంధన ఇంత కఠినంగా ఉండదు, అద్దాలకు ఒప్పుకునేవీ ఉన్నాయి. రైల్వేలో అప్రెంటిస్ చేస్తే నెలనెలా స్టైపెండ్ వస్తుంది, లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో ఆ పిల్లలకు 20 శాతం కేటాయింపు ఉంది.

సోమవారం పొద్దున్నే నల్గొండ బయలుదేరండి. చుక్కలు వేస్తే సాయంత్రం దాకా కళ్లు మసకగా ఉంటాయి, బాబు చేతికి బండి తాళాలు ఇవ్వకండి. కట్టిన 5 వేలు తిరిగి ఇస్తారేమో అడిగి చూడండి. మిగతా 40 వేలు మాత్రం రిపోర్టు చేతికి వచ్చేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి.