కొట్లాట కేసు తమ్ముడికి బాక్సింగ్ ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడు ఒక కొట్లాట కేసులో కొన్ని నెలలు జైల్లో ఉండి ఈమధ్యే బెయిల్ మీద వచ్చాడండీ. ఇప్పుడు బాక్సింగ్ నేర్చుకుంటా అంటున్నాడు, అమెరికాలో ఖైదీలు చాంపియన్లయ్యారని లోపల ఎవరో చెప్పారంట. అసలే వాడికి ముక్కు మీద కోపం, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అని అమ్మ ఒకటే గోల. నిజంగా అలా బాగుపడ్డవాళ్ళున్నారా?
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: ఉన్నారమ్మా. ఫిలడెల్ఫియా కుర్రాడు బెర్నార్డ్ హాప్కిన్స్‌కి దోపిడీ కేసుల్లో టీనేజ్‌లోనే 18 ఏళ్ళ శిక్ష పడింది, గ్రేటర్‌ఫర్డ్ జైల్లో 56 నెలలుండి 1988లో బయటికొచ్చాడు, వచ్చేటప్పుడు వార్డెన్ నువ్వు మళ్ళీ ఇక్కడికే వస్తావులే అన్నాడని ఆయనే చాలాసార్లు చెప్పాడు. పోనీ బయటికొచ్చాక మొదటి ఫైటన్నా గెలిచాడా అంటే అదీ లేదు, ఓడిపోయి ఏడాది పైనే రింగ్ వైపు రాలేదు! చేతిలో డబ్బుల్లేవు, పేరు లేదు, నెత్తి మీద తొమ్మిదేళ్ళ పెరోల్ (బయటున్నా నిఘాలోనే, తప్పు చేస్తే మళ్ళీ జైలే), అయినా లోపలికి పోలేదు. 2011లో 46 ఏళ్ళకి ప్రపంచ టైటిల్ కొట్టి రికార్డు పెట్టాడు గానీ, నన్నడిగితే ఆ ఓడిపోయి ఖాళీగా ఉన్న ఏడాదే పెద్ద గెలుపు.

అందరికీ ఇలాగే జరిగిందా అంటే లేదు. న్యూజెర్సీలో రావే జైలుంది, అక్కడి ఖైదీ జేమ్స్ స్కాట్ 1978లో జైలు లోపలే ఫైట్ పెడితే పేరున్న ఎడ్డీ గ్రెగరీని ఓడించాడు, టీవీలో కూడా చూపించారు. కానీ హత్య కేసులో శిక్ష పడి 2005 దాకా లోపలే ఉండిపోయాడు. అదే జైల్లో బాక్సింగ్ నేర్చుకుని విడుదలైన డ్వైట్ కావీ (అప్పట్లో బ్రాక్స్టన్) 1981లో మళ్ళీ అదే గేటు దాటి లోపలికెళ్ళాడు, ఈసారి ఖైదీగా కాదు, స్కాట్‌తో ఫైట్‌కి. గెలిచి సాయంత్రానికి బయటికొచ్చేశాడు, అదే డిసెంబర్లో ప్రపంచ చాంపియన్! తర్వాత మత్తుకి బానిసైనవాళ్ళకి కౌన్సెలర్‌గా కూడా పనిచేశాడు.

ఇక కోపం సంగతి. కొట్టడం మీ తమ్ముడికి ఆల్రెడీ వచ్చు, కేసే సాక్ష్యం (కోప్పడకండి, సరదాకన్నాను). రానిది ఆగడం. రింగ్‌లో మొహం మీద గుద్దు పడ్డాక ఒళ్ళు మండిపోయి గుడ్డిగా మీదపడితే ఇంకో రెండు తింటాడు, గంట కొట్టగానే చెయ్యి దించాలి, దించకపోతే అవతలికి పంపేస్తారు, ఇది రోజూ సాయంత్రం జరుగుతుంటే ఎంత పొగరుబోతుకైనా కొంత అలవాటవుతుంది. కొంతే, మొత్తం అని నేననను.

అమ్మని ఒకసారి కోచింగ్‌కి తీసుకెళ్ళి చూపించండి, మొదటి కొన్ని నెలలు తాడాట, పరుగు, బ్యాగ్ కొట్టడమే తప్ప ఎవడినీ కొట్టనివ్వరు. కేసు సంగతి కోచ్‌కి ముందే చెప్పేయండి, దాచొద్దు. బెయిల్ మీదున్నాడు కాబట్టి బయట చిన్న గొడవైనా బెయిల్ రద్దయ్యే ప్రమాదముంది, టోర్నమెంట్ అని వేరే ఊరెళ్ళాలంటే మీ లాయర్‌ని అడిగాకే. హెడ్‌గార్డ్, పళ్ళకి పెట్టుకునే గార్డ్ మాత్రం మంచివి కొనండి, అక్కడ పిసినారితనం వద్దు.