సైకిల్ ట్రాక్ కావాలా, వద్దా? – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ద్వారకానగర్‌లో మాది బట్టల షాపు. పార్కింగ్ తీసేసి సైకిల్ ట్రాక్ వేయాలని కొందరు పట్టుబడుతున్నారు. రోజంతా చూసినా పట్టుమని పది సైకిళ్లు కనబడవు. ఉన్న రోడ్డే చాలడం లేదు, ఇదెందుకు?
– ఒక వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: మీరు షాపు తెరిచేసరికి సైకిళ్ల వేళ అయిపోతుంది. పాలు, పేపర్లు వేసేవాళ్లు, వాచ్‌మన్లు, తాపీ పనివాళ్లు తెల్లవారుజామునే వెళ్లిపోయి, చీకటి పడ్డాకే తిరిగొస్తారు. లెక్కపెట్టేదేదో ఆ వేళల్లో పెట్టాలి. రోడ్డంటే భయపడి సైకిలు మూలన పడేసిన పిల్లలు ఏ లెక్కలోకీ రారు.

ఇక పార్కింగ్. ఏదైనా మామూలు రోజున షాపు ముందు ఆగిన బళ్ల నంబర్లు అరగంటకోసారి రాసుకోండి. అవే నంబర్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకపోతే అవి కొనేవాళ్లవి కావు, షాపులవాళ్లవీ సిబ్బందివీ. ఒక కారు పట్టే 5 మీటర్ల చోటులో ఐదు మోటారు సైకిళ్లు నిలుస్తాయి. సరుకు దించే బండికి మాత్రం వేళ కేటాయించి చోటు ఇవ్వాల్సిందే. ఆ డిమాండు మీరు తప్పకుండా పెట్టండి.

వెడల్పు విషయంలో మీ బాధ నిజం. సైకిల్ ట్రాక్‌కి కనీసం 2 మీటర్లు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే చెప్పింది. డివైడర్‌కి ఒక పక్క 9 మీటర్లుందనుకోండి. మూడేసి మీటర్ల లేన్లు రెండు, ట్రాక్‌కి 2, మధ్యలో ఎడంగా 1 మీటరు పోతే పార్కింగ్‌కి ఏమీ మిగలదు. పార్కింగ్ ఉంచాలంటే ఒక లేను వదులుకోవాలి. రెండూ ఇస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి, టేపు పెట్టి కొలిచి చూపించమనండి. అంత చోటు లేని వీధిలో ట్రాక్ కంటే వేగం తగ్గించడమే మేలు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవర్ ఒక్క సెకనులో బ్రేకు తొక్కినా, ఆగడానికి దాదాపు 28 మీటర్లు పడుతుంది. 30లో వస్తే 13 చాలు.

ప్రశ్న: రోడ్డు అంచున రంగు గీత గీసి, సైకిల్ బొమ్మ వేస్తే ట్రాక్ అయిపోతుందా? మా అబ్బాయి ఏడో తరగతి. అలాంటి దారిలో స్కూలుకి పంపొచ్చా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: పంపొద్దు. రంగు గీత ఏ బండినీ ఆపదు. వారం తిరిగేసరికి దాని మీద ఆటోలు ఆగుతాయి, పిల్లాడు వాటిని తప్పించుకోవడానికి చటుక్కున బళ్ల మధ్యలోకి వస్తాడు. గీత లేని రోడ్డు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. ట్రాక్‌కీ రోడ్డుకీ మధ్యలో 15 సెంటీమీటర్ల ఎత్తు కెర్బ్ రాళ్లుండాలి. ట్రాక్ మొదట్లో అడ్డుగా పెట్టే పొట్టి స్తంభాల (బొల్లార్డ్‌ల) మధ్య ఎడం 1.2 మీటర్లుంటే పాల క్యాన్లు కట్టిన సైకిలూ వీల్‌చెయిరూ దూరతాయి, ఆటో దూరదు. మోటారు సైకిలు దూరుతుంది, దాన్ని ఆపే ఎడం లేదు. ట్రాక్ మీద మోటారు బండి నడపడం 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం తప్పే కాబట్టి, మొదటి కొన్ని వారాలు ట్రాఫిక్ పోలీసు అక్కడ నిలబడక తప్పదు.

అసలు పరీక్ష కూడలి దగ్గర. నేరుగా పోయే సైకిలుకి అడ్డంగా బస్సు ఎడమకి తిరగడమే పెద్ద గండం. సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకి తిరిగే ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట ఆ మలుపు వెడల్పుగా, విల్లులా ఉంటుంది గనక బండి వేగం తగ్గదు. మలుపు ఇరుకు చేయాలి. పక్కవీధి మొగలో ట్రాక్ కిందికి దిగకూడదు, కారే హంపు ఎక్కి దిగాలి. బస్‌స్టాపు దగ్గర ట్రాక్ షెల్టర్ వెనక నుంచి పోవాలి. మన నగరంలో చాలా ట్రాక్‌ల కోరికలు బీచ్ రోడ్డు చుట్టూనే తిరుగుతున్నాయి. వ్యాయామానికి అది మంచిదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ కూడా ఎక్కువగా అందుకే పనికొస్తోంది. బడికీ పనికీ వెళ్లే దారులు వేరు, ముందు అక్కడ కావాలి.

మరో రెండు చూడండి. కాలువ జాలీ కమ్మీలు సైకిలు పోయే దిశలోనే ఉంటే సన్న టైరు ఇరుక్కుని పిల్లాడు ముందుకి ఎగిరిపడతాడు. కమ్మీలు అడ్డంగా ఉండాలి. తీరం పక్కనైతే గాలికి కొట్టుకొచ్చే ఇసుక మలుపుల్లో పేరుకుంటుంది, రోజూ ఊడవాలి. ఇలాంటివి కనబడితే ఫొటో తీసి, దగ్గర్లోని కరెంటు స్తంభం నంబరు, కొలత రాసి నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ ఇవ్వండి. జాతీయ రహదారి మీదైతే వాళ్ల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ‘మా వీధి బాగాలేదు’ అని రాసిన అర్జీతో ఏ ఇంజినీరూ ఏమీ చేయలేడు.

ప్రశ్న: గాజువాక నుంచి ఆటోనగర్‌కి సైకిలు మీద షిఫ్టుకెళ్తాను. ట్రాక్ వచ్చేదాకా ఏం జాగ్రత్త పడాలి?
– ఒక కార్మికుడు

జవాబు: సిగ్నల్లో ఆగిన లారీకి ఎడమ పక్క సందులోంచి ముందుకి పోకండి. దాని అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడరు. వెనకే ఆగండి. ఆగి ఉన్న కార్లకి మీటరు పైన ఎడం ఉంచండి, తలుపు తెరుచుకునేది అంత మేరే.

మీటరు రేడియం స్టిక్కర్ కొంటే సైకిలంతటికీ సరిపోతుంది. వెనక మడ్‌గార్డుకి జానెడు ఎరుపు, ముందు ఫోర్కుకి తెలుపు, పెడళ్ల అంచులకి పసుపు. పెడళ్లది మానకండి, పైకీ కిందికీ ఆడే మెరుపు చూసి అది సైకిలని దూరం నుంచే గుర్తుపడతారు. వానలో స్టీలు రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు. కూడలికి ముందే రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి తడి పోగొట్టండి. ఉప్పుగాలికి బ్రేకు వైరు తొడుగు లోపలే తుప్పు పడుతుంది, పైకి కనబడదు. లివరు వదిలాక వెనక్కి రావడం బద్ధకిస్తే వైరు ఆ రోజే మార్పించండి.