పరిశోధనను ఎథిక్స్ కమిటీ ఎలా పరిశీలిస్తుంది?

మనుషుల మీద చేసే అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చే ముందు ఏం చూస్తుందని అడిగారు. పని మొదలుపెట్టక ముందే ప్రోటోకాల్ (అంటే పరిశోధన ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక) మొత్తం కమిటీకి ఇవ్వాలి. కమిటీలో శాస్త్రవేత్తలతో పాటు సైన్సుతో సంబంధం లేని మామూలు వ్యక్తులూ ఉంటారు. అధ్యయనంలో చేరడానికి ఒప్పుకుంటూ సంతకం చేసే సమ్మతి పత్రం వాళ్లకే అర్థం కాకపోతే, పాల్గొనేవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఎప్పుడైనా మానేయొచ్చని అందులో స్పష్టంగా ఉండాలి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 వరకు జరిగిన ఒక అధ్యయనంలో, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు తమ జబ్బేమిటో చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. అలాంటి ఘోరాలు ఆపడానికే ఈ కమిటీలు. రిస్క్‌కు తగ్గ ప్రయోజనం ఉందా, వివరాలు గోప్యంగా ఉంటాయా అన్నవీ చూస్తారు. ఆ పరిశోధనలో భాగమున్న సభ్యులు నిర్ణయంలో పాల్గొనకూడదు. అనుమతి వచ్చాక ప్రోటోకాల్ మార్చాలంటే మళ్లీ కమిటీని అడగాల్సిందే.